ఏ చేత్తో తిప్పుతవ్ బిడ్డా?

కదలకండి. ఒక్క అడుగు వేసినా బురద చప్పుడు చేస్తుంది. మీ ముందు చెరువు. మోకాళ్ల దాకా తుంగ, దాని అవతల తామరాకులు, ఆకుల మధ్య చాపంత ఖాళీ నీరు. ఇప్పుడే అక్కడ ఏదో పైకొచ్చి, గుబుక్కున గాలి మింగి, కిందికి పోయింది. దాని వెనకాల లేచిన రెండు బుడగలు ఇంకా పగలలేదు.

అది కొర్రమీను. దానికి మొప్పలొక్కటే చాలవు. తలలో గాలి పీల్చుకునే అర కూడా ఉంటుంది. ఎంత లోతున దాక్కున్నా ఊపిరి కోసం పైకి రాక తప్పదు. వచ్చిందంటే తన అడ్రసు చెప్పేసినట్టే.

మీ కుడిచేతిలో ఆరున్నర అడుగుల రాడ్డు ఉంది. రాడ్డు పైభాగాన బెయిట్‌కాస్టింగ్ రీలు కూర్చుని ఉంది. రాడ్డు కొస నుంచి జానెడు కింద రబ్బరు కప్ప వేలాడుతోంది. లోపలంతా డొల్ల. వీపుకి ఆనుకుని, మొనలు పైకి పెట్టుకుని రెండు కొక్కేలు. ఆకుల మీంచి లాగినా చిక్కుకోవు. చేప నోట్లో కప్ప నలిగినప్పుడే అవి బయటపడతాయి.

బొటనవేలితో మీట నొక్కండి. వేలు స్పూలు మీదే ఉండాలి. మణికట్టు వెనక్కి, ముందుకి. ఇప్పుడు వేలు వదలండి.

కప్ప ఎగిరింది. బుడగలకి మూరెడు అవతల, ఆకు అంచు మీద పడి, నీళ్లలోకి జారింది. బొటనవేలు మళ్లీ స్పూలు మీద వేశారు, చిక్కు పడలేదు. విసురు బాగా పడింది. ఇక తిప్పాలి.

హ్యాండిల్ కుడివైపు ఉంది. మీ కుడిచేతిలో రాడ్డు ఉంది.

రాడ్డు ఎడమచేతికి మారుస్తారు. రీలు అరచేతిలో సర్దుకుంటారు. కుడిచేయి హ్యాండిల్ బొడిపె కోసం తడుముతుంది. దొరకదు. చూపు నీటి మీంచి రీలు మీదికి దిగుతుంది, అర క్షణమే.

ధబ్!

తలెత్తేసరికి ఖాళీ నీటి నడుమ గుండ్రంగా అల. కప్ప లేదు. ఆకుల మీద వదులుగా పడి ఉన్న లైను చరచరా కదులుతోంది. రాడ్డు ఎత్తుతారు. ఎడమచేత్తో. లైను గాల్లోకి లేస్తుంది తప్ప బరువు తగలదు. కాసేపటికి కప్ప ఒక్కటే పైకి తేలుతుంది. చేప దాన్ని నమిలి ఉమ్మేసింది.

"ఏ చేత్తో తిప్పుతవ్ బిడ్డా?"

కట్ట మీద కూర్చున్న పెద్దాయన అడుగుతున్నాడు. మత్స్య సహకార సంఘం మనిషి. ఈ చెరువులో చేపల మీద హక్కు సంఘానిది. ఆయన సరేనంటేనే మీరు ఇక్కడ నిలబడ్డారు. పడిన చేప సంఘం లెక్కలోకి పోవాలన్నది ఒప్పందం. ఆయన చేతిలో ఏ రీలూ లేదు, పక్కన వలసంచి ఉంది. అయినా అడగాల్సిన ప్రశ్నే అడిగాడు.

"కుడిచేత్తో" అంటారు మీరు.

"విసిరేది?"

"అదీ కుడిచేత్తోనే."

ఆయన ఇంకేం అనడు. అనాల్సిన పనీ లేదు.

పది గజాల అవతల మీ బావమరిది ఉన్నాడు. అతనిది స్పిన్నింగ్ రీలు, రాడ్డు కింద వేలాడుతుంది. అతను విసిరే తీరు ఒకసారి గమనించండి. కుడిచేత్తో విసిరాడు. కప్ప ఇంకా గాల్లోనే ఉంది. ఎడమచేయి అప్పటికే హ్యాండిల్ మీద ఉంది. కప్ప నీటిని తాకిన చప్పుడూ, రీలు మీది తీగ మూసుకున్న టక్‌మనే చప్పుడూ ఒకదాని వెంట ఒకటి వినిపించాయి. చూపు ఒక్కసారి కూడా కిందికి దిగలేదు.

"బావా, హ్యాండిల్ అటువైపుకి మార్చుకోరాదూ?" అంటాడు దగ్గరికొచ్చి. తన రీలు కుడిపక్కనున్న మూత విప్పి, ఎడమపక్క నుంచి హ్యాండిల్ లాగేసి, కుడిపక్క దూర్చి, మూత ఎడమకి బిగించి చూపిస్తాడు. పట్టుమని నిమిషం పట్టలేదు. మళ్లీ యథాస్థానానికి మార్చేశాడు.

మీరూ మీ రీలు తిప్పి తిప్పి చూస్తారు. అలాంటి మూతేమీ లేదు. కుడిపక్క పలకలో పళ్లచక్రం, దాని మీద నక్షత్రంలాంటి డ్రాగ్ బిళ్ల, దాని మీద హ్యాండిల్, అన్నీ ఒకే ఇరుసు మీద కూర్చున్నాయి. ఎడమపక్క పలకని మెలిపెడితే ఊడివస్తుంది, కానీ అక్కడ ఉన్నవి స్పూలు వేగాన్ని అదుపుచేసే బ్రేకులు. హ్యాండిల్ దూర్చడానికి కన్నం లేదు. బెయిట్‌కాస్టర్ తయారైనప్పుడే కుడిదో ఎడమదో తేలిపోతుంది. కొన్నాక మార్చుకునే దారి లేదు.

బావమరిది సంచిలోంచి ఇంకో రీలు తీస్తాడు. మీదానికి అద్దంలో బొమ్మ. హ్యాండిల్ ఎడమవైపుంది.

"దీంతో ఒకసారి వేసి చూడు బావా. పోయేదేముంది?"

పోయేదేముంటుంది, కాస్త పరువు తప్ప. కట్ట రాళ్ల మీద కూర్చుని రీలు మార్చండి. లైను ఒక్కో రింగులోంచి ఎక్కించాలి, కప్పకి మళ్లీ ముడి వేయాలి. చేతులు ఆ పనిలో ఉండగా బుర్రలో అనుమానం మొదలవుతుంది. లోకంలో కుడిచేతి వాటం వాళ్లే ఎక్కువ కదా, ఒక రకం రీలు వాళ్లని ఎడమచేత్తో తిప్పమని, ఇంకో రకం కుడిచేత్తో తిప్పమని ఎందుకు చెబుతోంది?

రెండింటి పుట్టుక వేరు. బావమరిది చేతిలో ఉన్న రకానికి మూలం ఇంగ్లండు. బ్రాడ్‌ఫర్డ్ ఊలు మిల్లుల మనిషి ఆల్‌ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ 1905లో దానికి పేటెంటు తీసుకున్నాడు. మిల్లులో బాబిన్ కదలకుండా ఉంటే దాని కొస నుంచి నూలు జారి వస్తుంది. అదే పద్ధతి గాలానికి పట్టించాడు. తర్వాత ఫ్రాన్సులో వచ్చిన మిచెల్ 300 రీలుకి హ్యాండిల్ ఎడమవైపు పెట్టారు. ఎడమచేత్తో విసిరేవాళ్ల కోసం 301 అని విడిగా తయారుచేశారు. అంటే ఆ రీళ్లు చేసినవాళ్లు రాడ్డు ఏ చేతిలో ఉండాలో ముందు తేల్చుకుని, ఆ తర్వాత హ్యాండిల్ సంగతి ఆలోచించారు.

మీ రీలు వంశం వేరు. అమెరికాలో గడియారాల పనివాళ్లు మొదలుపెట్టిన రకం అది. హ్యాండిల్ ఒక చుట్టు తిరిగితే స్పూలు ఎన్నో చుట్లు తిరుగుతుంది. వాటికి మొదటినుంచీ హ్యాండిల్ కుడివైపే. 1952లో స్వీడన్‌లో ఆబూ కంపెనీ తెచ్చిన అంబాసడర్ రీళ్లు కూడా అదే బాట పట్టాయి. కుడివి దొరికాయి, కుడివి కొన్నారు, కుడివే అలవాటయ్యాయి. విసిరిన ప్రతిసారీ చేతులు మార్చుకోవడం ఆటలో భాగమే అనుకున్నారు. అలా మార్చుకుంటూనే గొప్ప చేపలు పట్టినవాళ్లు కోకొల్లలు. కప్ప గాల్లో ఉండగానే రాడ్డు మార్చేసే నేర్పరులూ ఉన్నారు. కానీ ఆ నేర్పు మీకు ఇంకా రాలేదు, కొర్రమీను అది వచ్చేదాకా ఆగదు.

ముడి తడిపి బిగించండి. లేవండి.

కట్ట వెంట నాలుగడుగులు వేయగానే నీటి మీద ఒక చోట సన్నగా ఉడుకుతున్నట్టు కనిపిస్తుంది. వంగి చూడండి. అగ్గిపుల్లంత లేని పిల్లలు, నారింజ ఎరుపు రంగులో, గుంపుగా పైకొచ్చి ఊపిరి తీసుకుని దిగుతున్నాయి. మళ్లీ పైకొస్తున్నాయి. కొర్రమీను పిల్లలు. వాటి కింద నీడలా ఏదో పెద్దది కదిలింది.

మీ చేయి తనంతట తనే మీట మీదికి పోతుంది. ఇక్కడ కప్ప పడిందంటే తల్లో తండ్రో కొట్టకుండా ఉండవు. ఆకలి కోసం కాదు, దగ్గరికొచ్చిన దేన్నైనా తరిమేయడానికి. విసుర్లన్నిటిలోకీ ఇది సులువైనది.

"ఆ పిల్లల కాడ ఎయ్యకు బిడ్డా. కింద పెద్దయి కాపలా ఉంటయ్. వాటిని గుంజినవనుకో, పిల్లలను వేరే చేపలు మింగుతయ్."

వేలు మీట మీంచి తీసేయండి. కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప, మృగశిర కార్తె నాడు చేపల బజార్లలో జనం దీనికోసమే ఎగబడతారు. కానీ ఈ చెరువుకి సంబంధించినంత వరకు పెద్దాయన మాటే చట్టం. నాకైతే ఇది మర్యాద ప్రశ్న కూడా. పిల్లల్ని కాచుకునే చేపను ఆ కాపలా పుణ్యమాని పట్టడంలో గొప్పేముంది?

ఇంకొంచెం ముందుకి నడవండి, తూము దాటి. ఇక్కడ తల పైకెత్తి చూడండి, తప్పదు. కట్టని దాటుకుని కరెంటు తీగలు పోతున్నాయి. మీ రాడ్డు కార్బన్‌ది. కార్బన్ గుండా కరెంటు పారుతుంది. కొస దించి పట్టుకోండి. తీగల కింద ఆగకండి. దూరంగా జరిగాకే రాడ్డు ఎత్తండి.

ఇక్కడ ఆకులు పలచగా ఉన్నాయి. అలవాటు కోసం ఖాళీ నీటిలోకి రెండు విసుర్లు వేయండి.

కుడిచేత్తో విసిరారు. రాడ్డు కుడిచేతిలోనే ఉంది. ఎడమచేయి బొడిపె అందుకుంది. ఒక్క చుట్టుకే లోపల టక్‌మని క్లచ్ పడింది. లైను బిగిసింది. ఇంత తొందరగానా అనిపిస్తుంది.

కానీ తిప్పడం మొదలుపెట్టగానే అసలు కష్టం తెలుస్తుంది. ఎడమచేయి గుండ్రంగా తిరగడం లేదు, కోడిగుడ్డు ఆకారం గీస్తోంది. దాంతోపాటు కుడిచేయీ ఊగుతోంది, రాడ్డు కొస నీటి మీద సున్నాలు చుడుతోంది. కప్పని రెండుసార్లు చిన్నగా అదిలించి, ఆపి, మళ్లీ అదిలిద్దామంటే ఆ అదిలింపు తిప్పుడులో కలిసిపోతోంది. కప్ప ఈదడం లేదు, ఈడ్చుకొస్తోంది.

"ఎడమచేతికి బలం లేదురా" అంటారు బావమరిదితో.

"బలం దేనికి బావా? నువ్వు పతంగి ఎగరేసేటప్పుడు పేచీ పడితే మాంజా వదిలేసి చరఖా అందుకుంటావా? చరఖా నేనే కదా పట్టుకునేది!"

సంక్రాంతికి హైదరాబాద్ మేడల మీద గడిపినవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. దారం మీద ఉన్న చేయి పోరాడుతుంది. చుట్టేవాడు ఊరికే చుడతాడు. గాలంలో పోరాడేది రాడ్డు. కప్పని నడిపించేది, కొక్కెం గుచ్చేది, చేప తలని గడ్డిలోంచి పక్కకి తిప్పేది రాడ్డే. ఈ పనులకి నేర్పూ బలమూ ఉన్న చేయి కావాలి. హ్యాండిల్ పని వదులు చుట్టుకోవడం. మీ రీలు 7.3:1 పళ్లది, ఒక్క చుట్టుకి ముప్పావు మీటరు దాకా లైను లాగేస్తుంది. అంత మాత్రం తిప్పడం ఎడమచేయి నేర్చుకోగలదు.

సముద్రం మీద లెక్క మారుతుందనుకోండి. పడవలో నిలబడి, జిగ్ అనే బరువైన ఎరని అడుగు నుంచి ఏకబిగిన పైకి తిప్పే పనిలో భారమంతా హ్యాండిల్ మీదే పడుతుంది. విసరడం అనేదే ఉండదు, కాబట్టి చేయి మార్చే బాధా లేదు. అక్కడ కుడిచేతి వాటం వాళ్లు కుడివైపు తిప్పుతారు, అది సబబే. ఈ చెరువు గట్టున కాదు.

మోచేయి ఒంటికి ఆనించండి. రాడ్డు మడమని ముంజేతికి అదుముకోండి. ఇప్పుడు తిప్పండి. కొస ఊగడం తగ్గింది. అదిలించండి. ఆపండి. ఒక చుట్టు. అదిలించండి. కప్ప అటూ ఇటూ తల తిప్పుతూ వస్తోంది. ఇంకా సాఫీగా లేదు, పరవాలేదు.

గుబుక్.

ఎడమవైపు, తుంగ మొదట్లో. బుడగలు లేస్తున్నాయి.

చూపు అక్కడే నిలపండి. మీట నొక్కండి. తక్కువ ఎత్తులో, పక్కనుంచి విసరండి. కప్ప తుంగ అంచుకి అడుగు ముందు పడింది. మెత్తగా. బొటనవేలు స్పూలు మీద. ఎడమచేయి బొడిపె మీద. టక్.

ఒక చుట్టు. లైను తిన్నగా ఉంది.

అదిలించండి.

తుంగ పోచలు రెండు కదిలాయి. గాలి లేదు.

ఆపండి.

నీరు ఉబ్బింది. కప్ప వెనక. ఉబ్బు దగ్గరవుతోంది.

తిప్పకండి.

ధబ్!

కప్ప మాయం. కొట్టకండి. ఒక్క క్షణం. అది నోరు మూసుకుని వెనక్కి తిరగాలి. ఇందాకా ఆలస్యమైంది, ఇప్పుడూ ఆగుతున్నారు, కానీ రెండూ ఒకటి కావు. అప్పుడు లైను వదులు. ఇప్పుడు బిగువు. చేప కదలిక మీ కుడి మణికట్టుకి తెలుస్తోంది.

లైను పక్కకి జారుతోంది.

కొట్టండి!

రాడ్డు వంగింది. బరువు. బతికున్న బరువు. అది కిందికి తన్నుతోంది. తుంగ వైపు. రెండడుగులు పోయిందంటే లైను మొదళ్లకి చుట్టేస్తుంది. ఆ తర్వాత మీరు లాగేది గడ్డిని.

కొస పైకి. కుడివైపుకి. తిప్పండి. ఎడమచేయి కోడిగుడ్డే గీయనీ. తిప్పండి. కాలు జారింది. మడమ తన్నిపట్టండి. రాడ్డు దించకండి. అది మెలిక తిరుగుతోంది. కొస వణుకుతోంది. వదులివ్వకండి. తిప్పండి.

తల పైకొచ్చింది. పాము తల. నోరు తెరిచి ఉంది. ఒక కొక్కెం పై దవడలో.

ఆగకండి. తల పైన ఉండగానే లాగేయండి. ఆకుల మీంచి. ఆకులు చిరిగిపోతున్నాయి. బురద. గట్టు.

పెద్దాయన అప్పటికే దిగి వచ్చాడు. తువ్వాలు వేసి తల వెనక ఒడిసిపట్టాడు. కిలో పైనే ఉంటుంది. ఒళ్లంతా జిగట, నోటి నిండా పళ్లు. గట్టు మీద వదిలేస్తే పొర్లుకుంటూ మళ్లీ నీళ్లలోకి చేరుకోగల చేప ఇది, గాలి పీలుస్తుంది కదా, తొందరగా చావదు. ఆయన కొక్కెం తిప్పి తీసి, చేపని వలసంచిలో వేసి, సంచి నోరు కట్టాడు. మీ ఎడమ ముంజేయి సలుపుతోంది. కుడిచేయి రాడ్డుని ఇంకా వదల్లేదు.

"ఇప్పుడు మంచిగున్నది" అన్నాడాయన. చేప సంగతో చేతి సంగతో చెప్పలేదు.

వారం తర్వాత మీరు కొట్లో ఉన్నారు. "ఎడమ రీలు ఇవ్వండి" అనగానే కౌంటరు వెనక కుర్రాడు అడుగుతాడు: "మీది ఎడమచేతి వాటమా సార్?" చాలామంది ఇక్కడే కంగారుపడి కుడిది పట్టుకుపోతారు. పెట్టె మీద ఎడమ అని ఉంటే హ్యాండిల్ ఎడమవైపు ఉంటుందని అర్థం, అంతే. కుడిచేత్తో విసిరేవాడికి సరిపోయేది అదే. ఎడమచేత్తో విసిరేవాళ్లకి మామూలు కుడి రీలే అతికినట్టు కుదురుతుంది, వాళ్లు వెతుక్కోనక్కర్లేదు.

పెట్టె మీది అంకెలు కూడా చదవండి. షిమానోలో 200 అంటే కుడి, 201 అంటే ఎడమ. ఆబూ గార్సియా అంబాసడర్ రీళ్లలోనూ ఎడమదానికి చివర 1 వస్తుంది. దైవాలో పేరు చివర ఎల్ అక్షరం ఉంటుంది. స్పిన్నింగ్ రీలైతే ఈ గొడవ లేదు, ఇంటికెళ్లాక కూడా మార్చుకోవచ్చు.

ఏళ్ల తరబడి కుడివైపు తిప్పి, గాల్లోనే చేయి మార్చడం వచ్చేసిన వాళ్లయితే ఉన్నదాంతోనే ఉండండి, కొత్తది కొనమని నేను చెప్పను. మొదటి బెయిట్‌కాస్టర్ కొంటున్నవాళ్లు మాత్రం విసిరే చేతికి రాడ్డు వదిలేసి, రెండో చేతికి హ్యాండిల్ ఇవ్వండి. డబ్బు కట్టేముందు రీలుని రాడ్డుకి బిగించమని అడగండి. విసిరే చేత్తో పట్టుకుని, కళ్లు రీలు మీద పెట్టకుండా, రెండో చేత్తో కాసేపు తిప్పి చూడండి.